పాడి గేదె మేతలో మాంసకృత్తుల లెక్క: వేసిన చెక్క పాలలోకి ఎంత, మూత్రంలోకి ఎంత?

"పాలు తగ్గాయండీ, చెక్క ఇంకో కిలో పెంచమంటారా?" పాడి రైతులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. పెంచమని చెప్పడం తేలిక. చెక్క, అంటే గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి, అమ్మేవాళ్లూ అదే చెబుతారు. కానీ మేత ఖర్చులో అన్నిటికంటే ఖరీదైనది మాంసకృత్తులే (ప్రొటీన్). బాగా మేపే కొట్టంలో కూడా మేతలో మాంసకృత్తుల రూపంలో ఇచ్చిన నత్రజనిలో పాలలోకి వెళ్లేది పాతిక, ముప్పై శాతానికి మించదు. మిగతాదంతా పేడ, మూత్రం. ఆ పాతిక శాతాన్ని నిలబెట్టుకోవడం ఎలాగో ఒక్కో అడుగూ చూద్దాం. లెక్క కోసం 500 కిలోల ముర్రా గేదెను తీసుకుంటున్నాను. ఆవుకూ పద్ధతి ఇదే, అంకెలు మారతాయంతే.

ముందు పొట్టలో ఏం జరుగుతుందో తెలియాలి

మనం గేదెకు మేత వేస్తున్నాం అనుకుంటాం. నిజానికి ముందు తినేది దాని మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు. చెక్కలో ఉన్న మాంసకృత్తుల్లో ఎక్కువ భాగాన్ని అవి విడగొట్టి అమ్మోనియాగా మారుస్తాయి. ఆ అమ్మోనియాతోనే తమ ఒంటిని కట్టుకుంటాయి. తర్వాత అవి కిందికి జారి నాలుగో పొట్టలో, చిన్నపేగులో అరుగుతాయి. గేదెకు అందే మాంసకృత్తుల్లో సగానికి పైగా ఈ సూక్ష్మజీవుల శరీరాలే. పొట్టలో విడిపోకుండా నేరుగా పేగుకు చేరే భాగాన్ని బైపాస్ ప్రొటీన్ అంటాం.

చిక్కు ఎక్కడొస్తుందంటే, అమ్మోనియాను వాడుకోవాలంటే సూక్ష్మజీవులకు అదే సమయంలో శక్తి కావాలి. అంటే పిండి పదార్థం, అరిగే పీచు. శక్తి లేకపోతే అమ్మోనియా పొట్ట గోడల గుండా రక్తంలోకి ఇంకుతుంది. కాలేయం దాన్ని యూరియాగా మారుస్తుంది. ఆ యూరియాలో కొంత ఉమ్మి ద్వారా మళ్లీ పొట్టకు చేరుతుంది, కొంత పాలలో కలుస్తుంది, ఎక్కువ భాగం మూత్రంలో పోతుంది. కాలేయం చేసే ఈ పనికి కూడా శక్తి ఖర్చే. అంటే మిగులు చెక్కకు రెండుసార్లు డబ్బు కడుతున్నట్టు.

కొరత వచ్చినా అంతే నష్టం. మొత్తం మేతలో, పొడి పదార్థం లెక్కన, మాంసకృత్తులు 7 శాతం కంటే తగ్గితే సూక్ష్మజీవులే చిక్కిపోతాయి. గడ్డి పొట్టలోనే నిలిచిపోతుంది, గేదె మేత తగ్గిస్తుంది. వట్టి వరిగడ్డి మీద బతికే పశువు గడ్డి ముందుంచినా తినకపోవడానికి కారణం ఇదే. వరిగడ్డిలో ఉండేది 3 నుంచి 4 శాతమే.

ప్రయోగశాలలో మాంసకృత్తులను నేరుగా కొలవరు. నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు, ఎందుకంటే మాంసకృత్తుల్లో సుమారు 16 శాతం నత్రజని. అందుకే యూరియా కలిపిన దాణా కాగితం మీద ఘనంగా కనిపిస్తుంది. యూరియాలో నత్రజని 46 శాతం. గుణించి చూడండి, 287 శాతం "ప్రొటీన్" వస్తుంది! బస్తా మీద అంకె ఒక్కటే చూసి దాణా కొనకూడదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

1. కాటా తెచ్చుకోండి

లెక్కలన్నీ తప్పేది ఇక్కడే. "రెండు తట్టలు పచ్చిగడ్డి, నాలుగు డబ్బాలు దాణా" అంటే ఎంతో ఎవరికీ తెలియదు. ఒకే డబ్బాతో కొలిచిన తవుడు, చెక్క ఒకే బరువు తూగవు. తవుడు చాలా తేలిక. వేలాడదీసే చిన్న కాటా ఒకటి కొనండి. మీ డబ్బా నిండా తవుడు ఎంత, చెక్క ఎంత, కలిపిన దాణా ఎంత తూగుతాయో తూచి గోడ మీద రాసుకోండి. పచ్చిగడ్డి మోపును కూడా అప్పుడప్పుడు తూచాలి, వాన పడ్డ రోజున గడ్డితో పాటు వాన నీళ్లూ మోసుకొస్తాం.

గేదె బరువుకు టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి తుంటి ఎముక చివరి దాకా పొడవు, రెండూ అంగుళాల్లో తీయండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 76, పొడవు 58 అయితే 507 కిలోలు. అయిదు, పది శాతం తేడా ఉండొచ్చు, ఈ పనికి అదేమీ పెద్ద తేడా కాదు.

2. ఎంత కావాలో లెక్క వేయండి

రెండు భాగాలు. ఒకటి ఒంటి పోషణకు, రెండోది పాలకు.

500 కిలోల పశువుకు ఒంటి పోషణకు రోజుకు సుమారు 430 గ్రాముల ముడి మాంసకృత్తులు (నత్రజనిని 6.25తో గుణించి లెక్కగట్టినవి) కావాలి. 400 కిలోల ఆవుకు 370 గ్రాముల దాకా. పాలకైతే 4 శాతం వెన్న ఉన్న ఆవు పాలు లీటరుకు 85 నుంచి 90 గ్రాములు, 7 శాతం వెన్న ఉన్న గేదె పాలకు 115 గ్రాముల వరకు. గేదె పాలలో వెన్నే కాదు, మాంసకృత్తులు కూడా ఆవు పాలకంటే ఎక్కువ. అందుకే "ఆవుకు రెండున్నర లీటర్లకు కిలో దాణా, గేదెకు రెండు లీటర్లకు కిలో" అన్న పాత కొలత పుట్టింది. ఆ కొలత మరీ తప్పు కాదు గానీ, పచ్చిమేత ఎంత వేస్తున్నారో అది అడగదు.

మన గేదె 8 లీటర్లు ఇస్తోందనుకుందాం. 430, దానికి ఎనిమిది నూటపదిహేన్లు 920 కలిపితే 1350 గ్రాములు. ఈ అంకెను పలక మీద రాసుకోండి.

3. మీ దగ్గరున్న మేతల్లో ఎంత ఉందో చూడండి

ఇవి సగటు అంకెలు. నేల, కోత వయసు, మిల్లును బట్టి అటూ ఇటూ మారతాయి.

దాణా దినుసులు, ఉన్న బరువు మీద:
- సోయా చెక్క: 45 శాతం
- వేరుశనగ చెక్క: 40–45
- నువ్వుల చెక్క (తెలగపిండి): 35–40
- తొక్క తీయని పత్తి చెక్క: 22 దగ్గర
- పత్తి గింజలు: 20 పైన, నూనె కూడా బాగా ఉంటుంది
- కొబ్బరి చెక్క: 20–22
- నూనె తీసిన తవుడు: 14–16
- కంది పొట్టు, మినప పొట్టు: 14–18, పప్పు నూక ఎంత కలిసిందన్న దాన్ని బట్టి
- మొక్కజొన్న: 9

మేతలు, పొడి పదార్థం లెక్కన:
- వరిగడ్డి: 3–4
- 45–50 రోజులకు కోసిన నేపియర్ గడ్డి రకాలు (సూపర్ నేపియర్, ఏపీబీఎన్-1): 8–11
- మొక్కజొన్న, జొన్న పచ్చిమేత: 7–9
- అలసంద, పిల్లిపెసర వంటి పప్పుజాతి మేతలు: 15 పైన
- లూసర్న్, దశరథ గడ్డి: 18–20
- సుబాబుల్ ఆకు: 20 పైన

పచ్చిమేత విషయంలో ఒక్క మాట. ఈ శాతాలు నీళ్లు తీసేసిన తర్వాతవి. నేపియర్‌లో వందకు 18 పాళ్లే పొడి పదార్థం. కాబట్టి 25 కిలోల నేపియర్ అంటే నాలుగున్నర కిలోల పొడి మేత, అందులో 9 శాతం చొప్పున 405 గ్రాముల మాంసకృత్తులు.

అజొల్లా గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. "25 శాతం ప్రొటీన్" అని వీడియోల్లో మోత మోగించేస్తారు. అది పొడి పదార్థం లెక్క. తాజా అజొల్లా కిలోలో 60, 70 గ్రాములే పొడి పదార్థం. అంటే కిలో అజొల్లాలో ఉండే మాంసకృత్తులు 15, 16 గ్రాములు. కిలో వేరుశనగ చెక్కలో 420. కోళ్లకు, దూడలకు పెట్టుకోండి, బాగుంటుంది. పాడి గేదెకు చెక్క మానేసి అజొల్లా పోస్తామంటే మాత్రం లెక్క కుదరదు. కుడితి సంగతీ దాదాపు అంతే. అది దాహం తీరుస్తుంది, కొంచెం గంజి అందిస్తుంది.

4. కలిపి చూడండి

మన గేదె మేత ఇలా ఉందనుకుందాం: 4 కిలోల వరిగడ్డి, 25 కిలోల నేపియర్, 5 కిలోల దాణా. దాణా ఇంట్లో కలిపిందే. వంద కిలోలకు:

- మొక్కజొన్న రవ్వ 35 కిలోలు
- నూనె తీసిన తవుడు 25
- తొక్క తీయని పత్తి చెక్క 15
- వేరుశనగ చెక్క 12
- కంది లేదా మినప పొట్టు 10
- ఖనిజ లవణ మిశ్రమం 2
- ఉప్పు 1

దినుసు దినుసుకూ గుణించి కూడితే ఇందులో మాంసకృత్తులు 16.7 శాతం దగ్గర తేలతాయి. పశువుల దాణాకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 2052 ప్రకారం బస్తా దాణాలో మొదటి రకానికి కనీసం 22 శాతం, రెండో రకానికి 20 శాతం ఉండాలి. వాటితో పోలిస్తే మనది తక్కువే. సరిపోతుందా?

వరిగడ్డి నుంచి 126 గ్రాములు (పొడి పదార్థం 3.6 కిలోలు, మూడున్నర శాతం చొప్పున), నేపియర్ నుంచి 405, దాణా నుంచి 835. మొత్తం 1366. కావలసింది 1350. సరిపోయింది.

పచ్చిమేత బాగా ఉన్న కొట్టంలో 22 శాతం దాణా అక్కర్లేదు. అదే పచ్చిమేత లేక వట్టి వరిగడ్డి మీద నడుపుతుంటే ఈ 16.7 శాతం చాలదు, 20 శాతం పైన ఉన్న దాణాయే కావాలి. రెండు కొట్టాలకూ ఒకే బస్తా సిఫారసు చేసేవాళ్ల మాట నేనైతే నమ్మను.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. దీనికి ఇంకో కిలో వేరుశనగ చెక్క కలిపితే?

ఇప్పుడు గేదెకు అందుతున్న నత్రజని రోజుకు 219 గ్రాములు. 8 లీటర్ల పాలలో పోయేది సుమారు 53 గ్రాములు. అంటే 24 శాతం, మంచి కొట్టమే. కిలో చెక్క పెంచితే ఇంకో 67 గ్రాముల నత్రజని పడుతుంది. పాలు అంతే ఉంటే 24 శాతం కాస్తా 18న్నరకు దిగిపోతుంది. ఆ 67 గ్రాములు ఎక్కువగా మూత్రంలోనే పోతాయి. యూరియా ఎరువు లెక్కలో చెప్పాలంటే రోజుకు 146 గ్రాములు. 300 రోజుల పాడికి 44 కిలోలు, అంటే దాదాపు ఒక 45 కిలోల యూరియా బస్తా. చెక్క కిలో 50 రూపాయలనుకుంటే 15,000 రూపాయలు పెట్టి కొట్టం కాలువలోకి ఒక యూరియా బస్తా పోశామన్నమాట. అదే బస్తా దుకాణంలో రూ.266.50.

"లేదండీ, చెక్క పెంచితే పావు లీటరు, అర లీటరు పెరిగింది" అనేవాళ్లూ ఉంటారు. అబద్ధం కాదు. చెక్కలో శక్తి కూడా ఉంటుంది, పెరిగింది దానివల్ల. అదే శక్తి మొక్కజొన్న రవ్వతో ఇస్తే చాలా చవక.

5. శక్తిని జత చేయండి

పొట్టలోని సూక్ష్మజీవులు ఎంత మాంసకృత్తులను తయారు చేయగలవన్నది శక్తి మీదే ఆధారపడుతుంది. మేతలో అరిగే పోషకాల మొత్తాన్ని టీడీఎన్ అంటారు. ఒక కిలో టీడీఎన్‌కు సుమారు 130 గ్రాముల సూక్ష్మజీవుల ప్రొటీన్ తయారవుతుంది. పై మేతలో టీడీఎన్ దాదాపు 7.4 కిలోలు. అంటే పొట్టలోనే తయారయ్యేది 960 గ్రాములు. ఇదంతా గేదె సొంత ఉత్పత్తి, అదీ మేలైన అమైనో ఆమ్లాలతో. వేరుశనగ చెక్కలో లైసిన్, మెథియోనిన్ తక్కువ. సూక్ష్మజీవుల ప్రొటీన్‌లో ఆ లోటు ఉండదు.

కాబట్టి పాలు తగ్గినప్పుడు ముందు చూడవలసింది చెక్క కాదు, మొక్కజొన్న, జొన్న, నూకలు వంటి గింజలు ఎంత పడుతున్నాయి, పచ్చిగడ్డి ముదిరిపోయిందా అన్నది. తవుడు, చెక్క మాత్రమే కలిపి "దాణా" అనుకునే కొట్టాలు చాలా ఉన్నాయి. అందులో నత్రజని ఉంటుంది, దాన్ని పట్టుకునే పిండి ఉండదు.

వేసే వేళ కూడా ముఖ్యమే. ఖాళీ పొట్ట మీద పాలు పితికేటప్పుడు మొత్తం చెక్క ఒకేసారి పెడితే గంట, రెండు గంటల్లో అమ్మోనియా ఎగదన్ని మళ్లీ పడిపోతుంది. ముందు కొంచెం గడ్డి వేయండి. దాణాను రెండు మూడు పూటలకు పంచండి. గడ్డిని కత్తిరించి దాణాతో కలిపి పెట్టగలిగితే అంతకంటే మేలు లేదు.

గింజలు పెంచేటప్పుడు మాత్రం నెమ్మదిగా. ఒక్కసారిగా రెండు కిలోల మొక్కజొన్న పిండి పెరిగితే పొట్ట పులిసిపోయి మేతే మానేస్తుంది. ఏ మార్పయినా పది రోజుల మీద సర్దాలి.

6. బైపాస్ ప్రొటీన్ ఎవరికి?

వేరుశనగ చెక్క పొట్టలో తొందరగా, ఎక్కువగా విడిపోతుంది. పత్తి చెక్క, కొబ్బరి చెక్క నెమ్మదిగా. అందుకే పై మిశ్రమంలో రెండు రకాలూ పెట్టాను. ఒకటి సూక్ష్మజీవులకు, రెండోది నేరుగా గేదెకు. మార్కెట్లో దొరికే బైపాస్ ప్రొటీన్ అంటే చెక్కను ఫార్మాల్డిహైడ్‌తోనో వేడితోనో శుద్ధి చేసి పొట్టలో విడిపోకుండా చేసింది. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు ఈ పద్ధతిని మన దేశంలో వ్యాప్తి చేసింది.

రోజుకు 5, 6 లీటర్ల గేదెకు దీనితో పనిలేదు, దానికి కావలసింది పొట్టలోనే తయారవుతుంది. 10, 12 లీటర్లు దాటిన గేదెలకు, 15 లీటర్లు దాటిన సంకర జాతి ఆవులకు, అదీ ఈనిన మొదటి మూడు నెలల్లో, ఖర్చుకు తగ్గ ఫలితం కనిపిస్తుంది. పొట్టలో సూక్ష్మజీవులకే నత్రజని చాలని వరిగడ్డి కొట్టంలో బైపాస్ వేస్తే అవి ఇంకా చిక్కిపోతాయి.

7. చెక్క కొనేటప్పుడు

కిలో ధర చూడకండి, కిలో మాంసకృత్తుల ధర చూడండి. మాటవరసకు పత్తి చెక్క కిలో 32 రూపాయలు, అందులో 22 శాతం. 32ను 0.22తో భాగిస్తే 145. వేరుశనగ చెక్క 50 రూపాయలు, 42 శాతం. భాగిస్తే 119. చవక అనుకున్నదే ఖరీదు. మీ ఊరి ధరలు పెట్టి ప్రతి నెలా ఈ లెక్క వేసుకోండి, సీజన్‌ను బట్టి తిరగబడుతూ ఉంటుంది.

వేరుశనగ చెక్కకు ఇంకో తంటా ఉంది, బూజు. చెమ్మ తగిలితే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పుడుతుంది, అది పాలలోకీ వస్తుంది. పాలలో దాని హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాములు, అంటే కంటికి కనిపించనంత. వానాకాలం ముందు ఆరు నెలలకు సరిపడా చెక్క కొని నేల మీద పేర్చడం లాభం కాదు. కర్ర పలకల మీద, గోడకు ఎడంగా, నెలకు సరిపడా మాత్రమే పెట్టుకోండి. పచ్చగానో నల్లగానో మచ్చలున్న ముక్కను తీసి పారేసి మిగతాది వేద్దాం అనుకోవద్దు, విషం మచ్చ దగ్గరే ఆగదు. రాత్రంతా నానబెట్టి వేయడం అలవాటైతే వేయండి, దానివల్ల ప్రొటీన్ పెరగదు. ఎండాకాలంలో నానబెట్టింది పులిస్తే నష్టమే.

8. వరిగడ్డికి యూరియా శుద్ధి

పచ్చిమేత లేని మార్చి నుంచి జూన్ దాకా పనికొచ్చే పద్ధతి ఇది. దశాబ్దాలుగా పశువైద్యులు చెబుతూనే ఉన్నారు, చేసేవాళ్లు తక్కువ. శ్రమ ఒక్కపూటే.

100 కిలోల ఎండు వరిగడ్డి, 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. యూరియాను నీళ్లలో పూర్తిగా కరిగించాలి, అడుగున గింజ కూడా మిగలకూడదు. గట్టి నేల మీద పట్టా పరిచి, గడ్డిని అరడుగు మందాన పరుస్తూ, పూలకు నీళ్లు చల్లే డబ్బాతో ద్రావణం సమానంగా చల్లాలి. కాళ్లతో తొక్కి గట్టి చేయాలి. మళ్లీ పొర, మళ్లీ చల్లడం. అంతా అయ్యాక పట్టా కప్పి అంచులను మట్టితో మూయాలి. గాలి చొరకూడదు. చలికాలంలో 21 రోజులు, మండుటెండల్లో రెండు వారాలకే తయారవుతుంది. బాగా కుదిరిన గడ్డి ముదురు పసుపులోకి తిరుగుతుంది, మెత్తబడుతుంది, తీయగానే ముక్కు అదిరే వాసన వస్తుంది. బూజు వాసన వస్తే అది చెడిపోయినట్టే, వేయకండి.

వేసే ముందు గంటసేపు గాలికి ఆరబెట్టాలి. మొదటి రోజుల్లో మామూలు గడ్డిలో నాలుగో వంతు కలిపి, వారం పది రోజుల్లో పూర్తిగా మార్చాలి.

4 కిలోల యూరియాలో నత్రజని 1.84 కిలోలు, ప్రొటీన్ లెక్కలో 11.5 కిలోలు. వంద కిలోల గడ్డికి ఇదంతా అంటితే 15 శాతం కావాలి. కానీ సగానికి పైగా అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. చివరికి నిలిచేది 7, 8 శాతం. అయినా పర్వాలేదు, గడ్డి తినే పరిమాణం, అరిగే శాతం రెండూ పెరుగుతాయి. అసలు లాభం అక్కడే.

ఇక హెచ్చరికలు. ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి వద్దు. కలిపిన యూరియా నీళ్ల బకెట్‌ను పశువుకు అందేచోట ఒక్క నిమిషం కూడా వదలొద్దు. దాణాలో నేరుగా యూరియా కలపాలని ఎవరైనా చెబితే ఒక శాతం దాటనివ్వకండి, అదీ సమానంగా కలిపే యంత్రం ఉంటేనే. పచ్చి సోయా గింజలతో కలిపి ఎప్పుడూ వద్దు, వాటిలోని యూరియేజ్ అనే ఎంజైమ్ దాన్ని క్షణాల్లో అమ్మోనియా చేస్తుంది. విషం ఎక్కితే అరగంట, గంటలోనే తెలుస్తుంది: చొల్లు, పొట్ట ఉబ్బరం, కండరాల వణుకు, తూలుడు, ఊపిరి అందకపోవడం. వెంటనే డాక్టరును పిలవండి. చల్లని నీళ్లు ఎక్కువగా, వెనిగర్‌తో కలిపి పట్టించడమే తొలి చికిత్స. పశువు గిలగిల కొట్టుకుంటుంటే మాత్రం గొట్టం లేకుండా నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

9. చెక్కను పొలంలో పండించుకోండి

దీన్ని చివరి దాకా వాయిదా వేస్తారు గానీ అన్నిటికంటే చవకైన మాంసకృత్తులు ఇవే. గేదెకు రోజుకు 5 కిలోల దశరథ గడ్డి వేస్తే 200 గ్రాముల దాకా మాంసకృత్తులు అందుతాయి, అర కిలో వేరుశనగ చెక్కకు సమానం. గట్ల మీద, కంచె వెంట వేసుకోవచ్చు. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి కోత. సుబాబుల్ కూడా మంచిదే, కానీ అందులో మిమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది, పచ్చిమేతలో మూడో వంతు దాటకూడదు. కృష్ణా, గుంటూరు డెల్టా వైపు వరి కోశాక పిల్లిపెసర, జనుము చల్లడం పాత అలవాటు. పెద్దగా పెట్టుబడి లేకుండా పశువుకు పప్పుజాతి మేత, నేలకు నత్రజని. యంత్రాలతో వరి కోతలు వచ్చాక ఈ అలవాటు సన్నగిల్లింది, తిరిగి పట్టాలెక్కించాలి.

పచ్చిమేతలో మూడు వంతులు గడ్డిజాతి, ఒక వంతు పప్పుజాతి ఉంటే దాణాలో చెక్క తగ్గించవచ్చు. తగ్గించిన చోట మొక్కజొన్న పెట్టండి, ఖాళీ వదలకండి.

10. పాలు, పేడ, ముక్కు చెప్పేవి

ప్రయోగశాల లేకుండానే కొన్ని తెలుస్తాయి. పేడ గట్టిగా కుప్పలా, పొరలు పొరలుగా పడుతుంటే మాంసకృత్తులు తక్కువ. జారుడుగా, నల్లగా, ఘాటైన వాసనతో పడుతుంటే ఎక్కువ. తెల్లవారి కొట్టం తలుపు తీయగానే కళ్లు మండే అమ్మోనియా వాసన వస్తే మీ చెక్క డబ్బు గాలిలో ఉందన్నమాట.

కచ్చితంగా తెలియాలంటే పాలలోని యూరియా నత్రజని పరీక్ష. ఆవులలో వంద మిల్లీలీటర్లకు 10 నుంచి 16 మిల్లీగ్రాములు మామూలు. గేదెల్లో కాస్త పైనే ఉండొచ్చు. దిగువన ఉంటే కొరత, ఎగువన ఉంటే చెక్క ఎక్కువైనా కావాలి, శక్తి తక్కువైనా కావాలి. 19 దాటిన ఆవుల్లో కట్టించినా చూలు నిలిచే శాతం తగ్గుతుందని గమనించారు. "మూడుసార్లు సూది వేయించినా కట్టడం లేదు" అన్న ఫిర్యాదుకు కొన్నిచోట్ల మూలం మేత గాడిలోనే ఉంటుంది. పాల కేంద్రంలో వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘన పదార్థాలు) మాత్రమే చూస్తారు. పెద్ద డెయిరీల ప్రయోగశాలల్లో యూరియా కూడా చూసే యంత్రాలుంటాయి, అడగండి. పాలలో యూరియాకు (యూరియా నత్రజనికి కాదు, మొత్తం యూరియాకు) చట్టం పెట్టిన హద్దు వంద మిల్లీలీటర్లకు 70 మిల్లీగ్రాములు. మేతతో మామూలుగా అంత దూరం వెళ్లదు, అది దాటితే ఎవరో కలిపారేమోనని అనుమానించాలి.

జాతీయ పాడి అభివృద్ధి బోర్డు "పశు పోషణ్" అనే యాప్‌లో పశువు బరువు, పాలు, మీ దగ్గరున్న మేతలు ఇస్తే సమతుల మేత లెక్క కట్టిస్తుంది. పై లెక్కలు చేతితో చేయడం విసుగనిపిస్తే అది వాడుకోండి. కాకపోతే ఒక్కసారైనా కాగితం మీద వేసి చూడండి, యాప్ చెప్పింది ఎందుకు చెప్పిందో అర్థమవుతుంది.

11. అన్ని పశువులకూ ఒకే గంప వద్దు

ఈనిన మొదటి వంద రోజుల్లో మొత్తం మేతలో మాంసకృత్తుల శాతం ఎక్కువ కావాలి, పాడి సగం దాటాక కొంత తక్కువ చాలు, వట్టిపోయిన పశువుకు ఇంకా తక్కువ. చూడి చివరి రెండు నెలల్లో లోపల దూడ ఎదుగుదల ఎక్కువ, కిలో నుంచి కిలోన్నర దాణా అదనంగా ఇవ్వాలి. దూడకు పుట్టిన రెండు గంటల్లో జున్నుపాలు పడాలి, మొదటి రోజు మొత్తం మీద ఒంటి బరువులో పదో వంతు. దూడల దాణాలో 22 శాతం పైన, అందులో యూరియా చిటికెడు కూడా ఉండకూడదు, దాని పొట్ట ఇంకా నాలుగు అరలుగా పనిచేయదు. పడ్డలను (ఇంకా ఈనని ఆడ గేదెలను) చాలామంది గాలికి వదిలేస్తారు, వట్టి గడ్డి మీద పెంచి నాలుగేళ్లకు ఎదకు రాలేదని బాధపడతారు. రోజుకు కిలో, కిలోన్నర మంచి దాణా వేస్తే ఏడాది ముందే ఎదకు వస్తుంది. ఖర్చు పెట్టాల్సింది నిజంగా ఇక్కడ.

12. మూత్రాన్ని వదిలేయకండి

ఎంత జాగ్రత్తగా మేపినా మూడొంతుల నత్రజని బయటికే. పేడలో ఉన్నది నెమ్మదిగా వదులుతుంది. మూత్రంలోనిది యూరియా రూపంలో ఉంటుంది, పేడలోని యూరియేజ్ తగిలితే గంటల్లో అమ్మోనియా అయిపోతుంది. అందుకే రెండూ కలిసి మడుగు కట్టకూడదు. కొట్టం నేలకు కాలువ వైపు వాలు, చివర గొయ్యి లేదా డ్రమ్ము పెట్టండి. వాలు లేని కొట్టంలో వేరుశనగ పొట్టు, చెత్తగడ్డి పరిచి రోజూ తీసి పేడకుప్పలో వేయండి, పీల్చుకుంటుంది. కుప్పకు ఎండ, వాన తగలకుండా నీడ ఉండాలి.

పట్టిన మూత్రాన్ని పది రెట్ల నీళ్లతో కలిపి నేపియర్ కోసిన మర్నాడు మళ్లలో పారించవచ్చు. ఆ పారించిన నేపియర్‌కు మళ్లీ సంచుల కొద్దీ యూరియా చల్లకండి. అదనపు నత్రజని గడ్డిలో నైట్రేట్‌గా పేరుకుంటుంది, ముఖ్యంగా వాన లేక బెట్ట పడిన రోజుల్లో. ఎక్కువైతే పశువు రక్తం చాక్లెట్ రంగుకు తిరిగి ఊపిరాడక పడిపోతుంది. ఎరువు వేశాక కనీసం మూడు వారాలు ఆగి, బెట్టలో కోసిన మేతను ఎండుగడ్డితో కలిపి వేయాలి.

మేత మార్చిన రోజు నుంచి ఒక నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీయండి: దాణా కిలోలు, పూటపూటా పాలు, వెన్న, పేడ తీరు. రెండు వారాలు ఏమీ మార్చకుండా రాయండి. తర్వాత చెక్క పావు కిలో తగ్గించి, పావు కిలో మొక్కజొన్న పెంచి మళ్లీ రెండు వారాలు రాయండి. పాలు నిలిచి, వెన్న నిలిస్తే ఇంకో పావు కిలో తగ్గించండి. పడిపోయిన చోట ఆగి ఒక మెట్టు వెనక్కి రండి. మీ గేదెకు, మీ గడ్డికి సరైన అంకె అది.